వైరింగ్ చేసిన కాంట్రాక్టరే పరీక్ష నివేదిక ఇస్తే సరిపోతుందా?

సూపర్‌వైజరు, రేణిగుంట రోడ్డు, తిరుపతి

తిరుపతిలో కొత్తగా కడుతున్న లాడ్జిలు, దుకాణ సముదాయాలు, కల్యాణ మండపాల గురించి సభ్యుల ముందు ఒక ప్రశ్న పెడుతున్నాను. లో టెన్షన్ (తక్కువ వోల్టేజీ) కనెక్షన్ తీసుకునే వాణిజ్య భవనంలో వైరింగ్ పూర్తయ్యాక, ఆ పని చేసిన లైసెన్సు కాంట్రాక్టరే దాన్ని పరీక్షించి, నివేదిక మీద తానే సంతకం చేస్తున్నారు. 15 మీటర్లకు మించి ఎత్తున్న భవనమైతే సరఫరా ఇచ్చే ముందు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు తనిఖీ ఉంటుంది. గాంధీ రోడ్డు సందుల్లో కట్టే మూడంతస్తుల లాడ్జి ఆ ఎత్తుకు లోపలే ఉండిపోతుంది కాబట్టి, అక్కడ కాంట్రాక్టరు సంతకమే మొదటి మాట, చివరి మాట కూడా.

లాడ్జి గదిలో దిగే యాత్రికుడు ఆ గదిని అంతకుముందు ఎన్నడూ చూసి ఉండడు. మెయిన్ స్విచ్ ఎక్కడుందో తెలియదు. దర్శనానికి వేళవుతోందని తెల్లవారుజామున తడి కాళ్లతోనే గీజర్ స్విచ్ వేస్తాడు. తన ఇంట్లో పాటించే జాగ్రత్త ఇక్కడ పాటించే వీలు అతనికి లేదు. అందువల్ల ఇలాంటి భవనాల్లో పరీక్షను ఆ పనితో సంబంధం లేని మరో లైసెన్సుదారు చేయాలనీ, ప్రతి సర్క్యూట్‌కూ వచ్చిన రీడింగును, అంటే పరికరం చూపిన అంకెను, కాగితం మీద రాసి యజమానికి ఇవ్వాలనీ నా అభిప్రాయం.

లైసెన్సు కాంట్రాక్టరు, చిత్తూరు

సూపర్‌వైజరు గారి ఉద్దేశాన్ని నేను తప్పుపట్టడం లేదు గానీ, ప్రతిపాదనతో ఏకీభవించలేను. లైసెన్సున్న కాంట్రాక్టరు, అర్హత పత్రం ఉన్న సూపర్‌వైజరు ప్రత్యక్ష పర్యవేక్షణలో ఈ పని చేయించాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు చెబుతున్నాయి. అంటే బాధ్యత ఎవరిదో ముందే తేలిపోయి ఉంది. మధ్యలో మరొకరి సంతకం చేరిస్తే, రేపు ప్రమాదం జరిగినప్పుడు "పరీక్షించినవాడు బాగుందన్నాడు కదా" అని నేనంటాను, "నేను చూసేసరికి గోడలు పూసేశారు" అని ఆయనంటాడు. ఇద్దరి మధ్యా బాధ్యత జారిపోతుంది.

అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. పని చెడిపోవడానికి అసలు కారణం పరీక్ష లేకపోవడం కాదు, బేరం. గీజర్‌కు, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయాలని కొటేషన్‌లో రాస్తే, 2.5 సరిపోతుందని పక్కవాడు తక్కువకు ఒప్పుకుని పని పట్టుకుపోతాడు. మీటరు వచ్చిన ఆర్నెల్లకు యజమాని అదే సర్క్యూట్ మీద మరో ఏసీ బిగించి, ఎంసీబీ (తీగ మోయగలిగిన దానికి మించి కరెంటు వెళ్తే సరఫరా ఆపేసే స్విచ్చి) తరచూ పడిపోతోందని దాన్ని తీయించి పెద్దది వేయిస్తాడు. తీగ పాతదే, రక్షణ మాత్రం పోయింది. మొదటి రోజు ఎంత గొప్పగా పరీక్షించినా ఈ తప్పు దొరకదు.

లాడ్జి యజమాని, తిరుపతి

నెపమంతా యజమానుల మీద వేస్తున్నారు కాబట్టి నా మాట కూడా వినండి. బ్రహ్మోత్సవాల లోపు గదులు తెరవాలన్న ఒత్తిడి మాకుంటుంది. అదనంగా ఒక రుసుము ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. నా సందేహమల్లా ఒక్కటే: ఈ ఊళ్లో కాంట్రాక్టర్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఈ రోజు ఆయన పనిని ఈయన పరీక్షిస్తే, రేపు ఈయన పనిని ఆయన పరీక్షిస్తారు. బాగాలేదని రాసే ధైర్యం ఎవరికుంటుంది? అప్పుడు నేను డబ్బిచ్చి కొనుక్కునేది రెండో సంతకమే తప్ప భద్రత కాదు.

సూపర్‌వైజరు, రేణిగుంట రోడ్డు, తిరుపతి

యజమాని గారి సందేహమే ఈ చర్చకు ప్రాణం. అందుకే నేను సంతకం కంటే రీడింగును ఎక్కువగా అడుగుతున్నాను. ఎందుకో, నేను చూసిన ఒక పనితో వివరిస్తాను.

ఒక లాడ్జిలో బాత్‌రూం బయటి 16 ఆంపియర్ల సాకెట్ విప్పి చూస్తే, లోపల ఎర్త్‌కు వేసే ఆకుపచ్చ తీగే లేదు. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ పిన్ను నుంచి ఎర్త్ పిన్నుకు రెండంగుళాల నల్ల తీగ ముక్క కలిపి ఉంది. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య టెస్ట్ ల్యాంపు పెడితే నిండుగా వెలుగుతుంది, కాబట్టి పైనుంచి చూసేవారికి ఎర్తింగ్ చక్కగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పసిగట్టి సరఫరా ఆపేసే స్విచ్చి) మీది టెస్ట్ బటన్ నొక్కితే అది కూడా ట్రిప్ అవుతుంది, ఎందుకంటే ఆ బటన్ పరీక్షించేది ఆర్‌సీసీబీని మాత్రమే, మన ఎర్త్ తీగను కాదు. గీజర్‌లో ఎలిమెంటు పాడై కరెంటు దాని లోహపు తొడుగుకు తగిలితే, అది ఆ నల్ల ముక్క గుండా న్యూట్రల్‌లోకే తిరిగి వెళ్తుంది. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉండటంతో ఆర్‌సీసీబీకి లీకేజీ జరిగినట్టే తెలియదు. ఇక ఆ సర్క్యూట్‌లో న్యూట్రల్ ఎక్కడైనా తెగిందంటే, గీజర్‌లో ఏ లోపం లేకపోయినా, స్విచ్ వేయగానే దాని లోహపు ఒళ్లంతా 230 వోల్టులకు చేరుతుంది.

ఈ మోసాన్ని బయటపెట్టే పరీక్ష కష్టమైనది కాదు. సరఫరా ఆపి, డీబీలో (సర్క్యూట్లన్నీ విడిపోయే పెట్టెలో) ఆ సర్క్యూట్ న్యూట్రల్‌ను లింకు నుంచి విప్పి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే పరికరం) పెట్టాలి. వైరింగ్‌కు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 732 ప్రకారం కనీసం ఒక మెగాఓమ్ (పది లక్షల ఓమ్‌లు) చూపాలి. ఆ నల్ల ముక్క ఉంటే సున్నా చూపుతుంది. ఈ పని ఎల్ఈడీ దీపాలు, టీవీలు బిగించకముందే జరగాలి, లేకపోతే ఆ వోల్టేజీకి అవి పాడవుతాయి. నాకు కనిపించే నివేదికల్లో అన్ని సర్క్యూట్లకూ కలిపి "తృప్తికరం" అన్న ఒక్క మాట ఉంటుంది. ఆ మాటను ఎవరూ తప్పని నిరూపించలేరు. అదే మూడో అంతస్తు నాలుగో సర్క్యూట్‌కు 40 మెగాఓమ్‌లు అని తేదీతో సహా రాస్తే, మర్నాడు మరొకరు అదే చోట మెగ్గర్ పెట్టి నిజమో కాదో చూడవచ్చు. స్నేహం కోసం అబద్ధపు అంకె రాయడానికి ఎవరైనా జంకుతారు.

లైసెన్సు కాంట్రాక్టరు, చిత్తూరు

రీడింగులు రాయాలన్న మాటను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఎర్త్ పిట్ (ఎర్త్ తీగను నేలకు కలిపే గుంత) గురించి కూడా ఒక మాట చేర్చాలి. మా వైపు యజమానులు పిట్ తవ్వించి, ఉప్పు, బొగ్గు వేయించి, రీడింగు 5 ఓమ్‌లు వచ్చిందని నిశ్చింతగా ఉంటారు. కొంచెం లెక్క వేసి చూడండి. మిగతా దారిలో నిరోధమేమీ లేదనుకున్నా, 230ని 5తో భాగిస్తే వచ్చేది 46 ఆంపియర్లు. 32 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ వెంటనే పడిపోవాలంటే 160 నుంచి 320 ఆంపియర్ల వరకు కావాలి. 46 ఆంపియర్లకు అది గంటసేపు పడకుండా ఉన్నా ఆశ్చర్యం లేదు. అంతసేపూ ఆ గీజర్‌ను ఎవరు ముట్టుకున్నా షాకు తప్పదు. మన నేలలో రాయి ఎక్కువ; పైగా వానల తర్వాత తీసిన రీడింగు మే నెలలో నిలవదు. కాబట్టి పిట్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. గది సర్క్యూట్లకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి.

అయితే బయటివారి పరీక్ష మాత్రం ఇప్పటికీ నాకు సమ్మతం కాదు. రీడింగులు నేనే తీసి రాస్తాను. అనుమానమున్నవారు వచ్చి సరిచూసుకోవచ్చు.

నిర్వహణ ఇంజినీరు, మామిడి గుజ్జు కర్మాగారం, చిత్తూరు

పరీక్ష ఎవరు చేయాలన్న వాదనలో, ఎన్నిసార్లు చేయాలన్నది మరుగున పడుతోంది. మా కర్మాగారం తోతాపురి కాయ దిగే కొద్ది నెలలే నడుస్తుంది. మిగతా కాలమంతా మోటార్లు, ప్యానెళ్లు ఖాళీగా ఉండి తేమ పీలుస్తాయి; సీజనులో నేలంతా నీళ్లతో కడుగుతారు. అందుకని ప్రతి సీజను ముందూ మెగ్గర్ పెట్టి, గత ఏడాది అంకె పక్కనే ఈ ఏడాది అంకె రాసుకుంటాం. కనిష్ఠానికి పైనే ఉన్నా, ఏడాదిలో సగానికి పడిపోయిన రీడింగు ఏదో చెబుతోందన్నమాట. ఆ పోలికకు మొదటి రోజు రాసిన అంకె ఉండాలి. కొత్త భవనంలో అది రాయకపోతే తర్వాత ఎవరూ దాన్ని పుట్టించలేరు.

సూపర్‌వైజరు, రేణిగుంట రోడ్డు, తిరుపతి

కాంట్రాక్టరు గారు రీడింగులకు ఒప్పుకున్నందుకు సంతోషం. "అనుమానమున్నవారు సరిచూసుకోవచ్చు" అన్న దగ్గరే మా భేదం. లాడ్జి యజమానికి మెగ్గర్ పట్టుకోవడం తెలియదు, యాత్రికుడికి అసలు అనుమానమే రాదు. అనుమానం వచ్చాక పరీక్షిద్దామంటే చాలా భవనాల్లో అది ప్రమాదం తర్వాతే జరుగుతుంది.

గోడలు పూసేశాక వచ్చి ఏం చూస్తారన్న అభ్యంతరం మాత్రం న్యాయమైనదే. కాబట్టి నా ప్రతిపాదనను ఇలా మారుస్తున్నాను: బయటి పరీక్షకుడు రెండుసార్లు రావాలి. మొదటిసారి కండ్యూట్లు (తీగలు దూర్చే పైపులు) కనబడుతుండగా, ఫాల్స్ సీలింగ్ మూయకముందు వచ్చి, తీగల సైజులు, జాయింట్లు చూడాలి. రెండు తీగలను లగ్గు (తీగ చివర నొక్కే లోహపు ముక్క) లేకుండా ఒకే ఎంసీబీ స్క్రూ కింద నొక్కడం లాంటివి అప్పుడే సరిచేయించవచ్చు. రెండోసారి ఫిటింగులు బిగించకముందు వచ్చి రీడింగులు తీయాలి. రుసుమును యజమాని నేరుగా పరీక్షకుడికే ఇవ్వాలి. కాంట్రాక్టరు చేతి మీదుగా ఇస్తే పరీక్షకుడు ఆయన మనిషే అవుతాడు. నిబంధనలు కాంట్రాక్టరు మీద పెట్టిన బాధ్యత ఎక్కడికీ పోదు. రీడింగుల కాగితాన్ని మెయిన్ ప్యానెల్ తలుపు లోపలివైపు అతికిస్తే, తర్వాత మరో ఏసీ బిగించడానికి వచ్చిన పనివాడికి ఆ సర్క్యూట్ తీగ ఎంతదో, ఎంసీబీ ఎంతదో కళ్లెదుటే ఉంటుంది.

లాడ్జి యజమాని, తిరుపతి

మా రెండో అంతస్తులో గోడలకు గాడి కొట్టి పైపులు వేస్తున్నారు, ఇంకా పూత వేయలేదు. సూపర్‌వైజరు గారూ, ఈ వారంలో ఒకసారి వచ్చి చూడండి. రుసుము ఎంతో ముందే చెప్పండి, మీకే ఇస్తాను. మా కాంట్రాక్టరుకు కూడా చెప్పాను. ఆయన మొదట నొచ్చుకున్నారు గానీ, తాను ఎదురుగా ఉండగానే పరీక్షించాలన్న షరతు మీద ఒప్పుకున్నారు.