హీర్ పాటకు రాగం ఎవరు పెట్టారు?

కొర్లగుంట వయొలిన్:
మాది తిరుపతి. ఆరేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటున్నాను, అంతా కర్ణాటకమే. మా మేడ మీద పంజాబీ దంపతులు అద్దెకున్నారు. రాత్రి భోజనాలయ్యాక ఆయన వరండాలో కూర్చుని, వారిస్ షా అనే కవి రాసిన పంజాబీ ప్రేమకథా కావ్యం హీర్ ఎత్తుకుంటారు. తాళం ఉండదు. ఒక్కో పాదాన్ని సాగదీసి, చివర్లో కిందికి దించుతారు. మొన్న ఆయన శ్రుతికి తీగలు సరిచేసుకుని కింద నుంచే వెంట వాయించాను. స్వరాలు చూస్తే మన తోడి రాగానివే. కానీ గాంధారాన్ని, అంటే 'గ' స్వరాన్ని, మన పద్ధతిలో ఊపగానే పాట పాడైపోయింది. ఊపకుండా నిలిపితే కుదిరింది. ఆ రాగం కవి చెప్పిందేనా? హిందుస్తానీ వాళ్లు దీన్ని తమ సంగీతంలో కలుపుకుంటారా?

చిత్తూరు హార్మోనియం:
అది హిందుస్తానీ వాళ్ల భైరవి రాగం, అమ్మా. మన భైరవి వేరు. వినడానికి మన సింధుభైరవికి దగ్గరగా ఉంటుంది. వారిస్ షా 1766లో కథ రాశాడు, ఛందస్సు ఇచ్చాడు. భైరవిలో పాడటం గాయకుల వాడుక. మా వైపు భారతం తిరునాళ్లలో ఇరవై ఏళ్లు హార్మోనియం వాయించాను. నాటక పద్యమూ ఇంతే కదా! కవి సీసం రాసిపెడతాడు, రాగం నటుడి గొంతులోంచి వస్తుంది. మీరు తాళం కోసం వెతక్కండి, ఆయన ఊపిరి ఎక్కడ ఆగుతుందో చూసుకుని అక్కడ కమాను ఆపండి.

అలిపిరి దారి:
హీర్ సంగతి అది. సిక్కు గురువుల పదాలు అలా కాదు. మన అన్నమయ్య రాగిరేకుల్లో ప్రతి పాట మీదా రాగం పేరు ఉన్నట్టే, సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్‌లోనూ పదాల మీద రాగం పేరు ఉంటుంది. 1604లో గురు అర్జన్ ఆ పదాలను రాగాల వారీగానే కూర్చారు. ఇప్పుడున్న గ్రంథంలో ప్రధాన రాగాలు 31. మొదటిది శ్రీరాగం, చివరిది జైజైవంతి, అంటే మన ద్విజావంతికి చుట్టం. గురు నానక్ పాడుతుంటే ఆయన సహచరుడు మర్దానా రబాబ్ అనే తీగవాద్యం వాయించేవాడు. అక్కడ పద్యం, రాగం కలిసే పుట్టాయి.

ఇక రెండో ప్రశ్న. హిందుస్తానీ కచేరీల్లో వినిపించే టప్పా అనే పాట పద్ధతి పంజాబ్ ఒంటెలవాళ్ల పాటల నుంచి వచ్చిందని చెప్తారు. షోరీ మియాఁ దాన్ని లక్నోలో తీర్చిదిద్దాడు, మాటలు మాత్రం పంజాబీలోనే ఉంచాడు. హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీ ఖాన్ కూడా పంజాబ్ వారే, పంజాబీ సూఫీ కవి బుల్లే షా సమాధి ఉన్న కసూర్‌లోనే పుట్టారు. 1968లో కన్నుమూసింది మన హైదరాబాదులో.

కొర్లగుంట వయొలిన్:
ఇద్దరికీ నమస్కారాలు. జైజైవంతి పదం ఏదైనా వచ్చా అని మేడ మీదికెళ్లి అడిగాను. వాళ్లావిడకు వచ్చట! చిన్నప్పుడు గురుద్వారాలో నేర్చుకున్నారట. శనివారం సాయంత్రం రమ్మన్నారు, వయొలిన్ తీసుకునే వెళ్తున్నాను.