ఈస్టర్ తరువాత రోజుకొక మేలు: గుంపులో రాయాలా, మనలోనే ఉంచుకోవాలా?

పురసైవాక్కం వాసి | మే 7, రాత్రి 9:50

అందరికీ వందనాలు. చెన్నైలోని ఒక తెలుగు సంఘంలో సభ్యుణ్ణి. సంఘం పేరు రాయను, ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు. ఏప్రిల్ 20న తెల్లవారుజామున సమాధుల తోటలో ఈస్టర్ ఆరాధన ముగిశాక మా సంఘ పెద్దలు ఒక మాట చెప్పారు. నలభై రోజులు ఉపవాసాలున్నాం, సిలువ ధ్యానాలకు వచ్చాం, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలు విన్నాం. పండుగ బిర్యానీతో అవన్నీ అటకెక్కించకుండా, ఈస్టర్ తరువాత ఏడు వారాలకు వచ్చే పెంతెకొస్తు పండుగ దాకా, అంటే జూన్ 8 వరకు, ప్రతి కుటుంబం రోజుకొక చిన్న మేలు చేయాలి. చేసినది రాత్రి తొమ్మిదిలోపు వాట్సాప్ గుంపులో రాయాలి.

ఆ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. ఇవాళ్టికి పద్దెనిమిదో రోజు. మొదటి వారమంతా "ఎదురింటి తాతగారి కరెంటు బిల్లు కట్టి వచ్చాం", "గేటు దగ్గర మంచినీళ్ల కుండ పెట్టాం" లాంటివి వచ్చాయి. తరువాత ఫొటోలు మొదలయ్యాయి. నిన్నటి ఫొటోలో రైల్వే స్టేషన్ మెట్ల మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. చేతిలో ఇడ్లీ పొట్లం. పక్కన మా సంఘం పిల్లలు ఇద్దరు కెమెరా వైపు చూస్తున్నారు. అవ్వ మాత్రం పొట్లం వైపు చూస్తోంది. ఇంకా విప్పలేదు. ఫొటో తీసేదాకా ఆగమన్నారేమో. కింద వరుసగా దండాల బొమ్మలు. రాత్రంతా ఆ విప్పని పొట్లమే కళ్లముందు మెదిలింది.

కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ప్రభువే చెప్పాడు. అయితే ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. పదిహేనేళ్ల మా అబ్బాయి ఇంట్లో మంచినీళ్లు కూడా తనంతట తాను తీసుకుని తాగడు. గుంపులో రాయాలన్న ఒక్క కారణంతో మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడకు రోజూ నీళ్ల క్యాను మోసి పెడుతున్నాడు. రాయడం ఆగితే మోయడమూ ఆగుతుందని నా భయం. మీరేమంటారు?

వేళచేరి అక్క | మే 7, రాత్రి 10:35

రాయాలనే అంటాను. మీరు 6వ అధ్యాయం చూపించారు. దానికి ముందు 5వ అధ్యాయం 16వ వచనంలో, మనుషులు మీ సత్క్రియలు చూసి పరలోకపు తండ్రిని మహిమపరిచేలా మీ వెలుగు ప్రకాశించనివ్వండి అన్నదీ ఆయనే కదా!

2015 డిసెంబరు వరదల్లో మా వీధిలో నడుము లోతు నీళ్లు. రెండో రోజు సాయంత్రం ఎవరో తలుపు కొట్టి పాల ప్యాకెట్లు, పాపకు జ్వరం మందు ఇచ్చి వెళ్లారు. ముఖాలు కూడా సరిగా చూడలేదు. చాలా నెలల తరువాత వాళ్లది ఏ సంఘమో పక్కింటావిడ చెప్పింది. ఆ మాట పట్టుకునే మేము ఆ సంఘానికి వెళ్లాం, ఈనాటికీ వెళుతున్నాం. ఆవిడ నోరు విప్పకపోతే మాకు తెలిసేదా? ఫొటోల సంగతి వేరు. అవి ఈ రాత్రే ఆపించండి. రాయడం మాత్రం ఆపించకండి. మీ అబ్బాయి ఇవాళ గుంపు కోసం మోస్తే మోయనివ్వండి. ఎవరి కోసం మోస్తున్నాడో భుజానికి అలవాటయ్యాక మనసుకు తెలుస్తుంది.

కొరట్టూరు మాస్టారు | మే 8, ఉదయం 6:10

ఇద్దరూ నొచ్చుకోరని ఆశిస్తూ రాస్తున్నాను. రాయడమా మానడమా అన్నది రెండో ప్రశ్న. రోజుకొకటి అని లెక్క పెట్టడమే తప్పు. కృపచేతనే రక్షింపబడ్డాం, అది మన క్రియలవల్ల కలిగింది కాదు, ఎవరూ అతిశయపడడానికి వీల్లేదు అని ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయంలో ఉంది. సిలువ మీద ప్రభువు "సమాప్తమైనది" అన్నాక మనం కొత్తగా ఖాతా తెరుస్తామా? పండుగ మర్నాటి నుంచే హాజరుపట్టీ పెట్టడమంటే, ఖాళీ సమాధి నుంచి బయటికొచ్చి మళ్లీ ధర్మశాస్త్రం కాడి కిందికి దూరడమే. క్రియల మీద ఇంత బరువు మోపుతుందనే బైబిల్లోని యాకోబు పత్రికను 1522లో ప్రొటెస్టంట్ ఉద్యమం మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ గడ్డి పత్రిక అన్నాడు.

ముప్పై రెండేళ్లు బడిలో హాజరు వేసినవాణ్ణి. హాజరుపట్టీ వల్ల పిల్లలు బడికి వస్తారు, నిజమే. చదువు మీద ప్రేమ మాత్రం దానివల్ల రాదు.

గుండ్లకమ్మ | మే 8, ఉదయం 8:25

మాస్టారూ, లూథర్ ఆ మాట అన్న 1522లోనే రోమా పత్రికకు కూడా ముందుమాట రాశాడు. సత్క్రియలు చేయాలా అని విశ్వాసం అడగదు, అడిగేలోపే చేసి ఉంటుంది అన్నది అందులోదే. కృపా క్రియలా అన్న తగవులో లూథరన్లు, కతోలికులు కలిసి 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు కూడా చేశారు. దేవుడు మనల్ని అంగీకరించేది కృపవల్లనే, ఆ కృపే మనల్ని సత్క్రియలకు పిలుస్తుంది అన్నది దాని సారం.

నాకు దీనికంటే దగ్గరి సంగతి ఒకటుంది. మా పూర్వీకులది ఒంగోలు వైపు. 1876–78 కరువులో అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్లు తవ్వించే పని గుత్తకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకు ఉత్త గంజి పోసి పంపకుండా పార చేతికిచ్చి కూలి కట్టించాడు. ఈ చర్చకు కావలసింది ఆ తరువాతి ముక్క. కరువు పనులు సాగినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదు, వాళ్ల ఆకలి తన సంఘానికి లెక్క కాకూడదు. పనులు ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ సంఖ్యను మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆయన ఆగిన నెలల గురించి ఎవరూ చెప్పరు.

ఇక్కడ అడయారును, కూవం నదిని కలిపే కాలువ భాగం కూడా ఆ కరువులో కూలీలు తవ్విందే. వేళచేరి వెళ్లే రైలు ఎక్కితే కింద కనబడే నల్లటి నీళ్లు ఆ కాలువవే. అటు వెళ్లినప్పుడల్లా కూలి గుర్తొస్తుంది నాకు. మీ గుంపులో ఇన్ని రోజుల్లో ఎవరైనా "పనిమనిషి జీతం ఒకటో తేదీనే ఇచ్చాం" అని రాశారా? రాయరు. అది మేలు కిందికి రాదని మన లెక్క. యాకోబు 5లో మాత్రం, బిగపట్టిన కూలి దేవుని చెవుల్లో మొరపెడుతోంది అని ఉంది.

వేళచేరి అక్క | మే 8, మధ్యాహ్నం 1:15

గుండ్లకమ్మ గారూ, మీ మాట నన్ను చాలా దూరం తీసుకెళ్లింది. మా నాన్నమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే మట్టిపిడతలో వేసేది. రెండు పూటలా రెండు పిడికిళ్లు. నెలకోసారి పిడత గుడికి వెళ్లేది. ఇంట్లో బియ్యం తక్కువైన రోజు కూడా ముందు ఆ పిడికెడు తీశాకే మిగిలినవి కొలిచేది. మాకందరికీ కనబడేది, అయినా ఎప్పుడూ చెప్పుకోలేదు.

కొరట్టూరు మాస్టారు | మే 8, మధ్యాహ్నం 2:40

అమ్మా, మా ఊళ్లోనూ ఆ పద్ధతి ఉండేది. అందరి పిడతలూ ఒకే బస్తాలో పోసేవారు. ఆరాధనలో "ఈ నెల బస్తా నిండింది" అని మాత్రం చెప్పేవారు. ఏ ఇంటివి ఎన్ని గింజలో ఎవరికీ తెలిసేది కాదు. దాన్ని నేను తప్పుపట్టలేను. వరదలో మీ ఇంటికి వచ్చినవాళ్లు కూడా తమ పేరు తాము చెప్పుకోలేదు, గమనించండి. చెప్పింది పక్కింటావిడ.

పుళియంతోపు అబ్బాయి | మే 8, రాత్రి 11:05

పొద్దుటి నుంచి చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఊగిసలాడి చివరికి రాస్తున్నాను.

మాది పారిశుధ్య పనివారి కుటుంబం. ఈ నగరం వీధులు ఊడ్చేవారిలో తరతరాలుగా తెలుగు మాట్లాడే ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీలో చాలామందికి తెలుసు. తాత నెల్లూరు వైపు నుంచి వచ్చాడు. అమ్మ తెల్లవారుజామున వీధి ఊడ్చి, తొమ్మిదింటికి ఒక ఇంట్లో అంట్లు తోమడానికి వెళ్లేది. పదకొండేళ్లు అదే ఇల్లు. విశ్వాసుల ఇల్లు. హాల్లో గోడ మీద వాక్యం, కింద ఎర్ర దీపం.

ఆ ఇంటి బాల్కనీ కమ్మీకి లోపలివైపు ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉండేది. అంచు దగ్గర చిన్న సొట్ట. మిగతా గ్లాసుల్లో కలిసిపోకుండా అడుగున గోళ్ల రంగుతో ఎర్రచుక్క పెట్టారు. అమ్మకు కాఫీ అందులోనే. తాగి, కడిగి, మళ్లీ అక్కడే బోర్లించాలి. ఇంట్లో గ్లాసులన్నీ అమ్మే తోమేది. తోమడానికి అడ్డురాని చెయ్యి తాగడానికి అడ్డొచ్చింది. నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మతో వెళ్లి నీళ్లడిగాను. ఆ ఇంటావిడ లోపలికి వెళ్లి కాసేపు ఆగింది. ఏ గ్లాసులో ఇవ్వాలో తెలియలేదనుకుంటాను. చివరికి చెంబుతో వచ్చి నా దోసిట్లోకి పైనుంచి పోసింది.

ఆవిడ చెడ్డ మనిషి అని చెప్పడం లేదు. నా పదో తరగతి పరీక్ష ఫీజు ఆవిడే కట్టింది. ఆ సంగతి సంఘంలో సాక్ష్యంగా చెప్పింది కూడా. పండుగకు ముందు గురువారం వాళ్ల గుడిలో పాదాలు కడిగే ఆరాధన జరిగేది. ఆవిడ కుటుంబం ప్రతి ఏడూ వెళ్లేది. ఫీజు సంగతి పదిమందికి తెలిసింది. గ్లాసు సంగతి పదకొండేళ్లలో ఒక్కరూ అడగలేదు.

అందుకే నా ప్రశ్న. స్టేషన్లో అవ్వ మళ్లీ మీ ఇంటికి రాదు, ఇడ్లీ ఇచ్చి వచ్చేయవచ్చు. రోజూ మీ వంటింట్లోకి వచ్చే మనిషి మాటేమిటి? మీ సంఘంలో ఎన్ని బాల్కనీల్లో గ్లాసులు బోర్లించి ఉన్నాయి? ఈ పద్దెనిమిది రోజుల్లో ఒక్కటైనా లోపలికి వచ్చిందా?

వేళచేరి అక్క | మే 8, రాత్రి 11:30

తమ్ముడూ, చదివాను. ఇప్పుడు ఏమీ రాయలేను.

పురసైవాక్కం వాసి | మే 9, ఉదయం 5:45

మీ జవాబు చదివి లేచి వంటింట్లోకి వెళ్లాను. మా ఇంట్లో ఎర్రచుక్క లేదు. బేసిన్ కింద, సబ్బు పెట్టె పక్కన ఒక గ్లాసు, అంచు వంగిన పళ్లెం ఉన్నాయి. ఏడేళ్లుగా అక్కడే ఉన్నాయి. ఎవరు అక్కడ పెట్టారో, ఎప్పుడు పెట్టారో మా ఇద్దరికీ గుర్తులేదు. అమ్మ కాలం నుంచీ అలాగే జరుగుతోంది, మేమూ అలాగే జరిపాం. మా ఆవిడ రెండింటినీ తీసి పాత సామాన్ల సంచిలో వేసింది.

ఇది ఇక్కడ రాయాలా వద్దా అని మళ్లీ అదే చిక్కు. మంచి పేరు కోసం రాస్తున్నట్టు ఉంటుందేమో. తప్పు అనిపిస్తే చెప్పండి, తీసేస్తాను.

పుళియంతోపు అబ్బాయి | మే 9, ఉదయం 7:20

తీయకండి అన్నా. లూకా సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య ఏం చేశాడో చూడండి. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తానని అందరి ముందూ నిలబడి అన్నాడు. ప్రభువు అతణ్ణి ఆపలేదు, రహస్యంగా ఇవ్వు అనలేదు. ధర్మం చేసినప్పుడు దాచమన్నాడు. ఇది ధర్మం కాదు. బాకీ. ఊరందరికీ తెలిసేలా అవమానించి, గుట్టుగా సరిచేస్తే అమ్మకు ఏం తిరిగి వచ్చినట్టు? ఇడ్లీలు దాచండి, గ్లాసులు చెప్పండి. నేను కోరేది అంతే.

గుండ్లకమ్మ | మే 9, ఉదయం 9:00

ఈ తేడా నాకు ఇంతవరకు తట్టలేదు. మత్తయి 5:16కీ 6:3కీ మధ్య ఇన్నేళ్లుగా కొట్టుమిట్టాడుతున్నాను. ధన్యవాదాలు బాబూ.

కొరట్టూరు మాస్టారు | మే 9, ఉదయం 10:15

లెక్కల విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంది. మార్చుకోను. గ్లాసు మాత్రం లెక్కకు సంబంధించింది కాదు. కృపచేత రక్షింపబడ్డానని ముప్పై ఏళ్లుగా బోధిస్తున్న నేను, ఆ కృప మా వంటింటి గడప దాటిందా అని ఒక్కసారీ చూసుకోలేదు. ఆ అబ్బాయి తల్లిగారికి నా తరఫున వందనాలు చెప్పండి.

పురసైవాక్కం వాసి | మే 12, రాత్రి 9:30

నిన్న ఆరాధన తరువాత పాస్టరుగారితో, పెద్దలతో మాట్లాడాం. ఫొటోలు ఆగిపోయాయి. ఇక నుంచి గుంపులో చేసిన మేలు బదులు అవసరం రాస్తారు: ఫలానా వీధిలో ఆసుపత్రికి తోడు కావాలి, ఫలానా ఇంట్లో మందులు అయిపోయాయి. సాయం అందిన తరువాత "అందింది" అన్న ఒక్క మాట. ఎవరు అందించారో ఉండదు. మాస్టారుగారు చెప్పిన బస్తా లాగా. అందరూ ఒప్పుకోలేదు. ఇద్దరు పెద్దలు, రాయకపోతే యువత జారిపోతుందని గట్టిగానే వాదించారు. వాళ్ల భయం అబద్ధమని నేను అనలేను. మా అబ్బాయి ఈ మూడు రోజుల్లో రెండు రోజులే క్యాను మోశాడు.

గ్లాసుల సంగతి కూడా ఎత్తాను. హాల్లో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక పెద్దావిడ లేచి, మా ఇంట్లోనూ ఉంది బాబూ అని చెప్పి కూర్చుంది. తరువాత ఇంకెవరూ లేవలేదు.

శుక్రవారం నుంచి మా ఇంట్లో పనిచేసే ఆమెకు మేము తాగే గ్లాసులోనే కాఫీ ఇస్తున్నాం. మొదటిరోజు బేసిన్ కింద పాత గ్లాసు కోసం వెతికింది. లేదమ్మా, ఇక నుంచి ఇదే అని మా ఆవిడ చెప్పింది. బల్ల దగ్గర కూర్చోమంటే కూర్చోలేదు. ఇవాళ కూడా గోడకు ఆనుకుని నిలబడే తాగింది. రేపటి నుంచి తన కాఫీ కూడా అదే వేళకు తెచ్చుకుని పక్కన కూర్చుంటానని మా ఆవిడ అంటోంది.