టిన్ విజిల్‌కు మీటలు అమర్చి పన్నెండు స్వరస్థానాలూ పలికించవచ్చా?

లిమరిక్‌వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను ఐర్లండ్‌లోని లిమరిక్‌లో ఉంటూ ఇక్కడి సంప్రదాయ సంగీతంలో వాడే టిన్ విజిల్ నేర్చుకుంటున్నాను. నా దగ్గర ఉన్నది డి శ్రుతిలో పలికే మామూలు ఇత్తడి గొట్టం, ప్లాస్టిక్ తల ఉన్న రకం. ఆరు రంధ్రాలనూ మూసి ఒక్కొక్కటే తెరుచుకుంటూ పోతే డి మేజర్, అంటే మన శంకరాభరణం వస్తుంది. షడ్జమాన్ని జి మీదికి జరిపితే కల్యాణి, ఇ మీదికి జరిపితే ఖరహరప్రియ, ఎ మీద హరికాంభోజి, బి మీద నఠభైరవి, ఎఫ్ షార్ప్ మీద తోడి స్వరాలు వేళ్ళను ప్రత్యేకంగా కష్టపెట్టకుండానే దొరుకుతాయి.

చిక్కల్లా మాయామాళవగౌళతో వచ్చింది. మా అమ్మాయి సరళీ వరుసలు పాడుతుంటే తోడుగా వాయించాలని నా కోరిక. డి షడ్జమంగా పెట్టుకుంటే శుద్ధ రిషభానికి ఇ ఫ్లాట్ (ఇ కన్నా అర మెట్టు కింది స్వరం), శుద్ధ ధైవతానికి బి ఫ్లాట్ కావాలి. ఆ రెండూ ఈ విజిల్‌లో నేరుగా లేవు. రంధ్రాన్ని సగం మూసి వాయిస్తే నెమ్మదిగా ఉన్నప్పుడు పలుకుతున్నాయి గాని, రెండో కాలానికి వచ్చేసరికి శ్రుతి నిలవడం లేదు. ఇక్కడి ఐరిష్ చెక్క ఫ్లూట్లకు మీటలు (వేలితో నొక్కితే రంధ్రాన్ని తెరిచే లేదా మూసే చిన్న లోహపు అమరికలు) ఉండడం చూశాను కనుక, అదే పద్ధతిలో నా విజిల్‌కు ఇ ఫ్లాట్, ఎఫ్, బి ఫ్లాట్ మీటలు మూడు పెట్టించుకోవాలని ఆలోచిస్తున్నాను. ఇంత పలచని గొట్టం అందుకు ఓర్చుకుంటుందా, నాదం చెడిపోతుందా అన్నది అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

తెనాలి మరమ్మతు:

నేను పెళ్ళి బ్యాండ్ల క్లారినెట్లు బాగుచేస్తుంటాను. విజిళ్ళకు, చెక్క ఫ్లూట్లకు మీటలు అమర్చే పని కూడా అప్పుడప్పుడు వస్తుంది. మీకు మూడు మీటలు అక్కర్లేదు, ఇ ఫ్లాట్‌కు ఒక్కటి చాలునని నా అభిప్రాయం. బి ఫ్లాట్ కోసం (నోటి వైపు నుంచి లెక్కపెడితే) మొదటి రంధ్రం మూసి, రెండోది తెరిచి, మూడు, నాలుగు రంధ్రాలను మూసి చూడండి. తెరిచిన రంధ్రానికి దిగువన మూసిన రంధ్రాలు గాలి స్తంభాన్ని కొంచెం పొడిగిస్తాయి కనుక బి స్వరం దిగి బి ఫ్లాట్‌కు చేరువవుతుంది. ఇంకా దిగాలంటే ఐదో దాన్ని కూడా మూయవచ్చు. ఎఫ్‌కు ఈ ఉపాయం అంతగా పనిచేయదు, ఐదో రంధ్రాన్ని సగం మూయడమే మేలు, కాని మీ రాగానికి ఎఫ్‌తో పనే లేదు. ఇ ఫ్లాట్ సంగతి వేరు. ఆరో రంధ్రం తెరిచాక దాని దిగువన మూయడానికి మరొక రంధ్రమే లేదు. చెక్క ఫ్లూట్ చరిత్రలో కూడా మొట్టమొదట చేరిన మీట ఇదే. పదిహేడో శతాబ్దం చివరి నాటి ఫ్రెంచి ఫ్లూట్లకు ఉన్న ఏకైక మీట ఇ ఫ్లాట్‌దే; మిగిలినవి చేరడానికి చాలా దశాబ్దాలు పట్టింది.

ఇక పని విషయానికి వస్తే, గొట్టం గోడ మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు, పైగా అది గుండ్రటిది. మీట కింద రంధ్రాన్ని మూసే మెత్తని బిళ్ళ, అంటే ప్యాడ్, చదునైన అంచు మీద కూర్చుంటేనే గాలి ఆగుతుంది గనుక, రంధ్రం చుట్టూ ఒక చిన్న ఇత్తడి గట్టును టంకంతో అతికించాలి. గట్టు అడుగుభాగం గొట్టం వంపుకు సరిపోవడానికి ఒక సులువైన మార్గం ఉంది. గొట్టం మీద వాటర్ పేపర్ (అరగదీసే గరుకు కాగితం) చుట్టి, ఆ కాగితం మీదే గట్టును ముందుకూ వెనక్కూ రుద్దుతూ పోతే, అడుగు దానంతట అదే ఆ వంపును తెచ్చుకుంటుంది. పై అంచును మాత్రం గాజు పలక మీద పరచిన కాగితంపై రుద్ది చదును చేయాలి. గట్టు ఎత్తు ఒకటిన్నర మిల్లీమీటరు దాటనివ్వకండి; మీట మూసి ఉన్నప్పుడు కూడా ఆ చిన్న గుంట గాలి స్తంభంలో భాగమే కనుక, ఎత్తు పెరిగేకొద్దీ పై స్వరాల శ్రుతి కొంచెం దిగుతుంది. టంకం పెట్టే ముందు ప్లాస్టిక్ తలను తప్పకుండా ఊడదీయండి. వేడినీళ్ళలో కాసేపు ముంచితే లోపలి జిగురు వదులుతుంది.

రంధ్రం స్థానం గురించి ఒక లెక్క. డి స్వరం సెకనుకు 587 కంపనాలు, ఇ ఫ్లాట్ 622. గాలిలో ధ్వని వేగం సెకనుకు 345 మీటర్లు అనుకుంటే, మొదటిదానికి సుమారు 294, రెండోదానికి 277 మిల్లీమీటర్ల గాలి స్తంభం కావాలి. అంటే తేడా 17 మిల్లీమీటర్లు. రంధ్రం గొట్టం లోపలి వ్యాసమంత పెద్దది కాదు కనుక, చివర నుంచి అంతకన్నా ఎక్కువ దూరం పైకి జరపాలి. ఎంత జరపాలో కాగితం మీద తేల్చడం కంటే, మొదట 3 మిల్లీమీటర్ల బెజ్జం వేసి, శ్రుతిని కొలిచి చూపే ట్యూనర్ ముందు పెట్టుకుని, గుండ్రటి ఆకురాయితో కొద్దికొద్దిగా పెంచుతూ శ్రుతికి తేవడమే క్షేమం. పెద్దదయ్యేకొద్దీ శ్రుతి పెరుగుతుంది. ఒకసారి పెరిగిన బెజ్జాన్ని తగ్గించడం మాత్రం పెద్ద పని. గట్టును అతికించాక స్వరం మళ్ళీ కాస్త దిగుతుంది కనుక, చివరి సవరింపు అప్పుడే చేయండి.

ఆరురంధ్రాలు:

పై సమాధానం చక్కగా ఉంది, అయితే ఒక విషయంలో నాది వేరే మాట. మీటలున్న విజిల్ కొత్త ఆలోచన కాదు. రాబర్ట్ క్లార్క్ 1843లో ఇంగ్లండ్‌లో తగరపు రేకుతో చవక విజిళ్ళు తయారుచేయడం మొదలుపెట్టడానికి ముందే, లండన్‌లో విలియం బెయిన్‌బ్రిడ్జ్ వంటి తయారీదారులు చెక్క ఫ్లాజొలెట్లకు వెండి, ఇత్తడి మీటలు అమర్చి అమ్మారు. టిన్ విజిల్‌కు దగ్గరి బంధువైన ఆ వాద్యం ఇళ్ళలోని సంగీత గదుల నుంచి కాలక్రమంలో కనుమరుగైపోతే, ఆరు రంధ్రాల రేకు గొట్టమే నిలిచింది. చవకగా దొరకడం, చెడిపోయే భాగాలు లేకపోవడం అందుకు ముఖ్య కారణాలని నేను అనుకుంటాను.

ఐరిష్ ఫ్లూట్ల మీటల సంగతి కూడా కొంత చెప్పాలి. జర్మన్ ఫ్లూట్ తయారీదారు థియోబాల్డ్ బోహ్మ్ 1847లో కొత్త ఫ్లూట్‌ను రూపొందించాక, ఆర్కెస్ట్రాల వారు క్రమంగా వదిలేసిన పాత ఎనిమిది మీటల చెక్క ఫ్లూట్లు ఐర్లండ్ పల్లెల్లోని వాద్యకారుల చేతికి వచ్చాయి. వారి పాటలు చాలావరకు డి, జి శ్రుతుల్లోనే ఉంటాయి కనుక, మీటలను ముట్టుకోకుండానే జీవితమంతా వాయించినవారు ఉన్నారు. ఇప్పటికీ మీటలు లేని ఫ్లూట్ కొనుక్కునేవారికి కొదవ లేదు. విజిల్ వాయించేవారు శ్రుతి మారితే మరొక విజిల్ తీస్తారు, అంతే. ఎవరి సంచిలో చూసినా సి, ఇ ఫ్లాట్, బి ఫ్లాట్ విజిళ్ళు కనిపిస్తాయి. అయితే ఆ పద్ధతి మాయామాళవగౌళకు పనికిరాదు, ఎందుకంటే విజిల్‌ను ఎంత మార్చినా వచ్చేది మళ్ళీ మేజర్ స్కేలే.

నేను సూచించేది మీట కాదు, జంట రంధ్రం. రికార్డర్ అనే పాశ్చాత్య పిల్లనగ్రోవికి అడుగున ఉన్నట్టే, ఆరో రంధ్రం స్థానంలో పక్కపక్కనే రెండు చిన్న రంధ్రాలు వేసి, ఒకటి మూసి ఒకటి తెరిస్తే ఇ ఫ్లాట్, రెండూ తెరిస్తే ఇ పలుకుతాయి. స్ప్రింగు లేదు, ప్యాడ్ లేదు, గాలి కారదు. పాత రంధ్రాన్ని పూడ్చడం కష్టం కనుక, అదే వ్యాసమున్న ఇత్తడి గొట్టం ముక్కను విడిగా కొని, దానికే రంధ్రాలు వేసి, మీ విజిల్ తలను దానికి తొడగండి. మీట పెట్టించాలనుకున్నా సరే, ప్రయోగం విడి గొట్టం మీదే చేయడం మంచిది.

వేణునాదం:

నేను కర్ణాటక సంగీతంలో వేణువు వాయిస్తాను, విజిల్‌తో పరిచయం స్వల్పమే. మన వేణువు మీద మీటలు లేకుండానే ఇరవై రెండు శ్రుతులనూ తడమగలుగుతున్నాం కదా అని కొందరు అనవచ్చు గాని, ఆ పోలిక పూర్తిగా న్యాయం కాదు. వేణువులో పెదవిని కొంచెం తిప్పి, గాలి కోణం మార్చి స్వరాన్ని సరిదిద్దుకుంటాం. విజిల్‌లో గాలిదారి తలలోనే బిగించి ఉంటుంది. పెదవికి అక్కడ పని లేదు, ఊదే బలం మార్చడమొక్కటే మిగులుతుంది. బలం పెంచితే శ్రుతి పెరుగుతుంది, ఇంకా పెంచితే స్వరం పై స్థాయికి ఎగిరిపోతుంది. అందుచేత సగం మూసిన రంధ్రంలో శ్రుతి నిలవలేదని మీరు చెప్పడం సహజమే.

అయినా మీట వల్ల కోల్పోయేది ఒకటుంది. మీట నొక్కగానే రంధ్రం ఒక్కసారిగా తెరుచుకుంటుంది. షడ్జమం నుంచి రిషభానికి జారే జారుడు దానితో రాదు. సరళీ వరుసలు, అలంకారాలు మీటతో శుభ్రంగా వస్తాయి. గీతాలు దాటి కృతికి వచ్చాక శుద్ధ రిషభానికి గమకం కావాలంటే వేలినే నమ్ముకోవాలి. జంట రంధ్రంలో కూడా రెండింటి మధ్య గోడ వేలికి అడ్డు తగులుతుంది. కాబట్టి ఆరో రంధ్రాన్ని అలాగే ఉంచి, మీటను అదనంగా పెట్టుకోవడమే మీకు రెండు విధాలా ఉపయోగం.

మరొక సూచన. డి బదులు జి ని షడ్జమంగా పెట్టుకోండి. వేణువులో మాదిరిగానే అప్పుడు షడ్జమం కింద మంద్ర పంచమం వరకు చోటు దొరుకుతుంది. శుద్ధ మధ్యమమైన సి మీకు అలవాటైన వేళ్ళతోనే వస్తుంది, శుద్ధ రిషభమైన ఎ ఫ్లాట్‌కు మూడో రంధ్రం సగం తెరిస్తే చాలు, జారుడు కూడా హాయిగా వస్తుంది. శుద్ధ ధైవతం ఇ ఫ్లాట్. షడ్జమం డి అయినా జి అయినా ఇ ఫ్లాట్ తప్పదని గమనించండి.

లిమరిక్‌వాసి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. జి షడ్జమంగా పెట్టి వాయించి చూశాను. మూడో రంధ్రం మీద రిషభం నిజంగానే సులువుగా ఉంది, అమ్మాయి గొంతుకూ ఆ శ్రుతి సరిపోయింది. విడి గొట్టం మీద ఒక్క ఇ ఫ్లాట్ మీట పెట్టించుకోవాలని నిశ్చయించుకున్నాను. ఇకముందు ‘లో విజిల్’ (కింది శ్రుతిలో పలికే పెద్ద విజిల్) కొంటే దానికీ ఇదే పద్ధతి కుదురుతుందా? స్ప్రింగు దేనితో చేయించాలి?

తెనాలి మరమ్మతు:

లో విజిళ్ళలో ఎక్కువభాగం అల్యూమినియంవి కనుక ఈ టంకం వాటికి అంటదు. గొట్టానికి పట్టీ బిగించి, దాని మీద మీటను నిలపాలి. అన్నట్టు, ఆ వాద్యానికీ మన దేశానికీ ఒక చుట్టరికం ఉంది. 1971లో ఐరిష్ సంగీతకారుడు ఫిన్‌బార్ ఫ్యూరీ దగ్గరున్న భారతీయ వెదురు విజిల్ పాడైపోతే, దానికి బదులుగా ఇంగ్లండ్‌కు చెందిన తయారీదారు బెర్నార్డ్ ఓవర్టన్ అల్యూమినియం గొట్టంతో చేసి ఇచ్చిన విజిల్ నుంచే నేటి లో విజిల్ పుట్టిందని చెబుతారు. దానిలో రంధ్రాలు పెద్దవి కనుక సగం మూయడం కూడా కొంత సులువు; మీట లేకుండా ముందు ప్రయత్నించండి.

స్ప్రింగుకు ఫాస్ఫర్ బ్రాంజ్ పట్టీ వాడండి, ఉక్కు అయితే తేమకు తుప్పు పడుతుంది. ప్యాడ్ సరిగా కూర్చుందో లేదో చూడడానికి సిగరెట్ కాగితాన్ని సన్నగా కత్తిరించి, ప్యాడ్ కింద నాలుగు వైపులా ఒక్కొక్కచోట పెట్టి మెల్లగా లాగండి. అన్నిచోట్లా ఒకే బిగువు తెలియాలి. ఎక్కడ వదులుగా జారితే గాలి కారేది అక్కడే. ఇంకొక మాట, మీటను గొట్టం అడుగువైపు పెట్టించకండి. ఊపిరి తేమ లోపల నీరై ఆ వైపుకే జారుతుంది, తోలు ప్యాడ్ నానితే గట్టుకు అతుక్కుంటుంది. కుడి చిటికెన వేలికి అందేటట్టు, పైభాగాన కొంచెం పక్కకు ఉంచమని చెప్పండి.