తాతగారి టేకు బీరువా: రంగు గీకించాలా, వద్దా?

అమలాపురం దగ్గర మా తాతగారి మండువా లోగిలి బాగుచేయిస్తున్నాం. పాత భోషాణం, అద్దాల టేకు బీరువా ముందుగదిలో పెట్టాలని నా ఆశ. బీరువాకి ఎవరో పుణ్యాత్ములు ఆకుపచ్చ ఎనామిల్ రంగు మూడు పూతలు వేశారు! వడ్రంగి మిషన్‌తో గీకేద్దామంటున్నాడు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, ఇంట్లో చిన్నపిల్లలు, ఆ దుమ్మంటే టెన్షన్. పెయింట్ రిమూవర్ వాడినవాళ్లున్నారా? టేకు నల్లబడుతుందా? తర్వాత లిన్సీడ్ నూనె సరిపోతుందా, వార్నిష్ కొట్టించాలా?

ఇంకోటి, భోషాణం అడుగున సూదిబెజ్జాల్లోంచి పిండిలాంటి పొడి రాలుతోంది. మట్టి లేదు కాబట్టి చెదలు కాదు, పుచ్చు పురుగే అనుకుంటా. లోపల పట్టుచీరలు పెట్టుకోవాలి, ఘాటు వాసన లేని మందేదైనా చెప్పండి. ఇనప బీరువా కొనుక్కోమని మాత్రం అనకండి, ఆ మాట మావారు రోజూ అంటూనే ఉన్నారు.