అప్‌డేట్: తొమ్మిదేళ్ల పాప లావైపోతున్నానని అన్నం మానేస్తోందని అడిగాను కదా

మీలో చాలామంది చెప్పినట్టే కడపలో పిల్లల డాక్టర్‌కు చూపించాం. పెద్దవాళ్ల బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే) లెక్క పిల్లలకు పనికిరాదని చెప్పి, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ (పిల్లల డాక్టర్ల సంఘం) 2015లో ఇచ్చిన 5-18 ఏళ్ల చార్టులో మా పాప ఎత్తు, బరువు గుర్తుపెట్టి చూపించారు. మామూలుగానే ఉంది! ఈడేరే ముందు ఆడపిల్లలకు కొంచెం ఒళ్లు రావడం సహజమట, ఆ వయసులో తిండి తగ్గిస్తే ఎదుగుదల మీదే దెబ్బ పడుతుందట.

అసలు కారణం స్కూల్ ఆటోలో పిల్లలు 'బొండాం' అని ఏడిపించడం. డ్రైవరన్నతో మాట్లాడాం, ఆగింది. చుట్టాలు మాత్రం వచ్చిన ప్రతిసారీ 'ఏమ్మే, లావైనావే' అంటారు, పసిపిల్లను అలా అనడం నాకు అస్సలు నచ్చదు, ఇంట్లో ఎవరి ఒంటి గురించీ మాట రాకూడదని మా అత్తమ్మే అందరికీ గట్టిగా చెప్పింది. రాత్రిపూట సంగటి, ఊరిబిండి అందరం కలిసి కూర్చుని తింటున్నాం, ఇంకొంచెం తిను అని ఎవరం బలవంతపెట్టం.

పాపకు ఆ దిగులు పూర్తిగా తగ్గలేదు, ఇప్పటికీ అద్దం ముందు పొట్ట లోపలికి పీల్చుకుంటుంది. బరువు పడిపోయినా, చాటుగా వాంతి చేసుకున్నా వెంటనే తీసుకురమ్మన్నారు డాక్టర్.