చర్చ: ఊరి ఇంటి కాగితాలతో విదేశీ చదువు లోన్ ఎక్కడ ఆగిపోతోంది, ఎప్పుడు మొదలెట్టాలి

గంటస్తంభం:
మాటలు గాల్లో పోకుండా ఒక నమూనా ఇల్లు పెట్టుకుందాం. చీపురుపల్లి వైపో రణస్థలం వైపో ఒక ఊరు. నాన్నకి రెండెకరాల పల్లం, ఊళ్లో తాతల నాటి ఇల్లు. అమ్మ డ్వాక్రా సంఘంలో ఉంది. అమ్మాయి బీటెక్ మూడో ఏడు. అమెరికాలో ఎంఎస్‌కి ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద మొదటి ఏడాది ఖర్చు 36,000 డాలర్లు అని వస్తుంది అనుకోండి. డాలరు 90 లెక్కన 32 లక్షల 40 వేలు. ఈ ఇల్లు ఏ పని ముందు చెయ్యాలి, ఏది తర్వాత? తెలిసినవాళ్లు తెలిసినంత మేరకు, వివరంగా రాయండి.

వంశధార_గట్టు:
జీఆర్ఈ కోచింగ్ కన్నా ముందు ఇంటి దస్తావేజు బయటికి తియ్యండి. నేనైతే ఇదే మొదటి మెట్టు అంటాను. యూనివర్సిటీ రెండు నెలల్లో జవాబిస్తుంది. మన ఇంటి కాగితం సరిచెయ్యడానికి ఆరు నెలలైనా సరిపోని సందర్భాలే ఎక్కువ.

కారణం: ప్రభుత్వ బ్యాంకుల్లో మామూలు విద్యా రుణ పథకం కింద ఏడున్నర లక్షలు దాటితే తనఖా అడుగుతారు. వ్యవసాయ భూమిని ఈ లోన్‌కి చాలా బ్యాంకులు తీసుకోవు. అంటే ఆ రెండెకరాలూ లెక్కలోకి రావు. ఇక మిగిలింది ఇల్లు. అది గ్రామకంఠంలో (ఊరి ఇళ్ల కోసం ఉన్న ఉమ్మడి స్థలంలో) ఉంటే చాలాసార్లు రిజిస్టర్డ్ దస్తావేజు ఉండదు, పంచాయతీ ఇంటి పన్ను రసీదు ఒక్కటే ఉంటుంది. పన్ను రసీదు హక్కు పత్రం కాదు. బ్యాంకు ప్యానెల్ లాయరు మొదటి పేజీలోనే ఆపేస్తాడు.

దస్తావేజు ఉన్నా, తాత పేరు మీదే ఉండిపోయి అన్నదమ్ములు నోటి మాటతో పంచుకుని ఉంటే అదీ బ్యాంకు ఒప్పుకోదు. పారీఖత్తు (పంపకాల దస్తావేజు) రాయించి రిజిస్టర్ చెయ్యాలి. దానికి తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి. అందులో ఆడపడుచుల పేర్లూ ఉంటాయి. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచే ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి సమాన వాటా ఉంది కాబట్టి లాయరు వాళ్ల సంతకాలు అడిగి తీరతాడు. ఒక మేనత్త సూరత్‌లో, ఇంకో మేనత్త భిలాయ్‌లో ఉంటే అందరూ ఒక రోజు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి రావడానికి ఎన్నాళ్లు పడుతుందో లెక్కేసుకోండి. సంక్రాంతికి అందరూ ఊరొస్తారు. పండగ సెలవులు అయిన మర్నాటికే పని పెట్టుకోండి.

గంటస్తంభం:
ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే పత్రం) సంగతి కూడా చెప్పండి మాస్టారూ. ఎన్నేళ్లది తియ్యాలి?

వంశధార_గట్టు:
ముప్ఫై ఏళ్లది తీసి పెట్టుకుంటే మళ్లీ అడగరు. 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఈసీలో సర్వే నంబరు, హద్దులు, గజాలు దస్తావేజుతో అక్షరం పొల్లు పోకుండా కలవాలి. తూర్పు హద్దులో వీధి అని ఉండాల్సిన చోట పొరుగాయన ఇంటి పేరు పడినా సవరణ దస్తావేజు అడుగుతారు. పాత తనఖా తీరిపోయినా రద్దు దస్తావేజు రాయించకపోతే ఈసీలో అప్పు ఇంకా ఉన్నట్టే కనిపిస్తుంది. లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు) అసలువి కావాలి, జిరాక్సులు పనికిరావు. స్థలం పెడితే సుడా, వీఎంఆర్డీఏ, బుడా లాంటి పట్టణాభివృద్ధి సంస్థ అనుమతి ఉన్న లేఅవుట్ అయితేనే తేలిగ్గా ఒప్పుకుంటారు. డీ-పట్టా (ప్రభుత్వం కేటాయించిన) భూమి జోలికి వెళ్లొద్దు.

సొంత ఆస్తి కుదరకపోతే మేనమామ ఫ్లాటో, పెదనాన్న స్థలమో పెట్టొచ్చు. ఆయన హామీదారుగా సంతకం పెట్టాలి, కిస్తీలు తప్పితే ఆయన ఆస్తి మీదికే వస్తుందని ముందే చెప్పాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్, ఎల్ఐసీ సరెండర్ విలువ కూడా తనఖాలో కలుపుకుంటారు. లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ రెండూ కలిపి మూడు నాలుగు వారాలకి తక్కువ పట్టవు.

తోటపల్లి_కాలువ:
కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా లోన్ పోయే చోటు ఇంకొకటి ఉంది: నాన్న సిబిల్, అంటే పాత అప్పులు కట్టిన తీరు చూపే స్కోరు. మాఫీ వస్తుందని పంట రుణం కట్టకుండా ఆపిన ఇళ్లలో సహ దరఖాస్తుదారుడి స్కోరు పడిపోయి ఉంటుంది. గడువు తేదీలోగా వడ్డీ కట్టి రెన్యువల్ చేయించి ఉంటే బాధ లేదు. గడువు దాటిపోయి ఉంటే ఇప్పుడు పూర్తిగా కట్టేసి, బాకీ లేదని పత్రం తీసుకోండి. వన్ టైమ్ సెటిల్‌మెంట్‌కి తొందరపడొద్దు. సగం కట్టి తేల్చుకుంటే రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుంది, బ్యాంకు దాన్ని ఎగవేత లాగే చూస్తుంది. ‘క్లోజ్డ్’ అని పడాలి.

ఊళ్లో పక్కవాడి ట్రాక్టరు లోన్‌కి నాన్న హామీ సంతకం పెట్టి ఉన్నా అదీ రిపోర్టులో ఉంటుంది. అందుకే దరఖాస్తుకి ఏడాది ముందే నాన్నదీ అమ్మదీ రిపోర్టు తీసి చూడాలి. ఏడాదికి ఒకసారి ఒక్కో క్రెడిట్ స్కోరు సంస్థ దగ్గర ఉచితంగా ఇస్తారు.

నాగావళి_లెక్కలు:
వడ్డీ లెక్క నేను వేస్తాను, ఎందుకంటే ఇంట్లో ఎవరూ వెయ్యని లెక్క ఇదే. 30 లక్షల లోన్, పదిన్నర శాతం, నాలుగు సెమిస్టర్లకి ఏడున్నర లక్షల చొప్పున విడుదల. చదువు 24 నెలలు, పైన 6 నెలలు మారటోరియం (కిస్తీలు కట్టక్కర్లేని గడువు). ఈ 30 నెలలూ మామూలు వడ్డీ (వడ్డీ మీద వడ్డీ పడనిది) అనుకుందాం.

ఏడున్నర లక్షల మీద నెలకి 6,562 రూపాయల 50 పైసలు. మొదటి విడత 30 నెలలు, రెండోది 24, మూడోది 18, నాలుగోది 12. అన్నీ కలిపితే 84 నెలల వడ్డీ. మొత్తం 5,51,250. ఒక్క పైసా కట్టకపోతే కిస్తీలు మొదలయ్యేనాటికి అప్పు 35 లక్షల 51 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకి 47,900 పైచిలుకు. అదే చదువుకునే రోజుల్లోనే వడ్డీ కడుతూ ఉంటే కిస్తీ 40,480 దగ్గర ఆగుతుంది. తేడా నెలకి దాదాపు 7,440, పదేళ్లకి 8 లక్షల 90 వేలు. ముందు కట్టేది ఐదున్నర లక్షలు.

కట్టగలిగిన ఇల్లు కట్టాలి. మొదటి ఆరు నెలలు ఆరున్నర వేలే, చివర్లో 26,250 అవుతుంది. మొత్తం కట్టలేకపోతే సగమైనా కట్టండి. కానీ ఆ వడ్డీ కోసం మళ్లీ చేబదులు తెస్తే అర్థం లేదు.

జీడితోట:
లెక్కలు మాస్టారూ, ఒక చిన్న మాట. ముందు కట్టిన ఐదున్నర లక్షలు పదేళ్ల ముందరి డబ్బు, మిగిలే తొమ్మిది లక్షలు నెలనెలా విడతలుగా వచ్చేది. రెంటినీ నేరుగా పోల్చలేం కదా?

నాగావళి_లెక్కలు:
నిజమే, ఒప్పుకుంటున్నాను. ఆ డబ్బు పదిన్నర శాతం కన్నా ఎక్కువ తెచ్చే చోట పెట్టగలిగితే కట్టకపోవడమే మేలు. రైతు ఇంట్లో అలాంటి చోటు ఎక్కడుంది? అందుకే కట్టమంటున్నాను. ఇంకోటి, ఆదాయపు పన్నులో 80ఇ సెక్షన్ కింద విద్యా రుణం వడ్డీకి ఎనిమిదేళ్లు పన్ను మినహాయింపు ఉంది కానీ అది పాత పన్ను విధానంలోనే. ఇక్కడ రిటర్ను వేసే మనిషి పేరు మీద లోన్ ఉండి, ఆ మనిషే వడ్డీ కట్టాలి.

జీడితోట:
ఇప్పుడు విదేశానికి డబ్బు పంపే విషయం. 2025 ఏప్రిల్ 1 నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల దాకా టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) లేదు. 80ఇ కిందికి వచ్చే సంస్థ ఇచ్చిన విద్యా రుణం నుంచి నేరుగా పోతే ఎంతైనా లేదు. సొంత డబ్బు అయితే 10 లక్షలు దాటిన దాని మీదే. 2025–26లో చదువు రేటు 5 శాతం ఉండేది. ఆ లెక్కన 16 లక్షలు పంపితే 6 లక్షల మీద 30,000. ఈ రేటు బడ్జెట్లలో మారుతుంటుంది, పంపే నెలలో బ్యాంకులో అడగండి.

ఈ 30,000 పోయిన డబ్బు కాదు. పంపినవారి పాన్ మీద పన్ను వివరాల పత్రంలో (26ఏఎస్) కనిపిస్తుంది, రిటర్ను వేస్తే తిరిగొస్తుంది. కాబట్టి రిటర్ను వేసే మనిషి ఖాతా నుంచే పంపాలి. ఎప్పుడూ రిటర్ను వెయ్యని అమ్మమ్మ ఖాతా నుంచి పంపితే ఆ డబ్బు అక్కడే చిక్కుకుంటుంది. బంగారం కుదవపెట్టి తెచ్చిన డబ్బు విద్యా రుణం కింద లెక్కకి రాదు, సొంత డబ్బే అవుతుంది. మార్చిలో కొంత, ఏప్రిల్లో కొంత పంపితే రెండు ఆర్థిక సంవత్సరాల పరిమితి వాడుకోవచ్చు.

విదేశానికి డబ్బు పంపే ఏ2 ఫారం నింపేటప్పుడు ఛార్జీలు ఎవరివి అనే గడి ఉంటుంది: అవర్ (అన్నీ మనవే), షేర్ (ఇద్దరివీ), బెన్ (అందుకునేవాళ్లవి). తప్పకుండా ‘అవర్’ పెట్టండి. షేర్ పెడితే మధ్య బ్యాంకు దారిలో 15, 20 డాలర్లు కోసుకుంటుంది. యూనివర్సిటీ ఖాతాలో ఫీజు అంత మేర తక్కువ కనిపిస్తుంది. ఆ చిన్న బాకీకే తర్వాతి సెమిస్టర్ రిజిస్ట్రేషన్ ఆపేసే చోట్లున్నాయి. రిఫరెన్స్ గడిలో విద్యార్థి ఐడీ నంబరు రాయాలి, పేరొక్కటే రాస్తే డబ్బు ఎవరిదో తేలడానికి వారాలు పడుతుంది. బ్యాంకు చెప్పే ఛార్జీ కన్నా డాలరు రేటే ముఖ్యం. 18,000 డాలర్ల మీద రూపాయి తేడా అంటే 18,000 రూపాయలు. మేనేజరుని అడిగితే తగ్గిస్తారు, అడగనివాళ్లకి బోర్డు రేటే వేస్తారు.

సాలూరు_ఘాట్:
బ్యాలెన్స్ చూపిస్తామనే కన్సల్టెన్సీల గురించి గట్టిగా చెప్పాలి. నెలకి ఇంత అని వడ్డీ తీసుకుని ఖాతాలో 30 లక్షలు వేసి, బ్యాంకు బ్యాలెన్స్ లెటర్ తీసుకున్నాక లాగేసుకుంటారు. వీసా అధికారికి ఆ ఖాతా ఒకసారి చూస్తే చాలు: ఆరు నెలలు పదివేలు దాటని ఖాతాలో ఒక్కరోజే 30 లక్షలు. అబద్ధం రుజువైతే అమెరికాలో జీవితకాల నిషేధం దాకా పోతుంది, యూకేలో పదేళ్లు. ఆ పిల్ల ఆ తర్వాత చాలా దేశాల దరఖాస్తుల్లో ఈ సంగతి రాయాల్సి వస్తుంది. లోన్ శాంక్షన్ లెటర్ ఉంటే ఐ-20కి అదే చాలు, ఈ పాపం అక్కర్లేదు.

యూకేకి సొంత డబ్బు చూపితే వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ఆ 28వ రోజు దరఖాస్తు తేదీకి 31 రోజుల లోపలిది అయి ఉండాలి. మధ్యలో ఒక్కరోజు పరిమితి కన్నా తగ్గినా లెక్క మళ్లీ మొదలు. ఖాతా విద్యార్థిదో తల్లిదండ్రులదో కావాలి, బాబాయిది చెల్లదు. తల్లిదండ్రులదైతే పిల్ల జనన ధ్రువపత్రం కావాలి. మన దగ్గర చాలా పత్రాల్లో పుట్టిన తేదీ ఉంటుంది, పిల్ల పేరు గడి ఖాళీ. పేరు చేర్పించడం ముందే చెయ్యండి. ఏడాది ఎంఎస్‌కి వైద్య సర్‌ఛార్జి 1,164 పౌండ్లు వీసా ఫీజుతో పాటే కట్టాలి, చాలామంది ఇది లెక్కలో మరచిపోతారు.

పొందూరు_నేత:
పేరు విషయం నేను రాస్తాను. పదో తరగతి మెమోలో ఇంటి పేరు ముందుంటుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలి మొత్తం పేరు గివెన్ నేమ్‌లో వేసేస్తారు. అప్పుడు అమెరికా వీసాలో పేరు మొత్తం సర్‌నేమ్ అవుతుంది, అసలు పేరు చోట ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది, అంటే పేరు తెలియదని. అక్కడ బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు అన్నిటా అదే పాకుతుంది. ఐ-20 రాకముందే పాస్‌పోర్టు మళ్లీ జారీ చేయించుకుని సర్‌నేమ్ విడదీయించండి.

‘అప్పలనాయుడు’ అని ఒక చోట కలిపి, ఇంకో చోట విడదీసి ఉండటం మన వైపు మామూలే. మెమో, ఆధార్, పాన్, పాస్‌పోర్టు, డిగ్రీ ఐదూ ఒకే స్పెల్లింగుకి తెచ్చుకోవాలి. మెమో మార్చడం కష్టం, కాబట్టి మిగిలినవి మెమోకి సరిపెట్టండి.

ట్రాన్‌స్క్రిప్టులు డిగ్రీ పట్టా మీద ఏ యూనివర్సిటీ పేరుంటే అక్కడే. విజయనగరంలో చదివినా పట్టా మీద కాకినాడ జేఎన్టీయూ ఉంటే కాకినాడకే పెట్టాలి. 2022లో వచ్చిన గురజాడ వర్సిటీ ఇవ్వదు. డజను సీల్డ్ కవర్లు ఒకేసారి తీసుకోండి.

తోటపల్లి_కాలువ:
తనఖా అసలు కుదరని ఇంటికి జర్మనీ చూడమంటాను. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా చోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం సెమిస్టర్‌కి 1,500 యూరోలు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా ఇప్పుడు ఫీజు తీసుకుంటోంది. బ్లాక్డ్ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు వెయ్యాలి, అక్కడికి వెళ్లాక నెలకి 992 చొప్పున మనకే ఇస్తారు. వీసా రాకపోతే డబ్బు వెనక్కొస్తుంది. ఏపీఎస్ (మన చదువు పత్రాలు సరిచూసి ఇచ్చే) ధ్రువపత్రానికి 18,000 రూపాయలు. అది లేకపోతే వీసా దరఖాస్తే తీసుకోరు, అందుకే ఆఖరి సెమిస్టర్లోనే పెట్టేయండి. యూని-అసిస్ట్‌లో (అక్కడి యూనివర్సిటీలకి దరఖాస్తులు చేర్చే సంస్థ) మొదటి దరఖాస్తు 75 యూరోలు, తర్వాతవి 30. కష్టం ఎక్కడంటే, భాష రాకుండా వెళ్తే పార్ట్‌టైమ్ పనీ తర్వాత ఉద్యోగమూ రెండూ ఇబ్బందే. బీటెక్ మూడో ఏడులోనే జర్మన్ మొదలెట్టి బీ1 (మధ్యస్థ స్థాయి) దాకా నేర్చుకోవాలి.

సాలూరు_ఘాట్:
ఎస్టీ కుటుంబాలకి కేంద్ర గిరిజన శాఖ జాతీయ విదేశీ స్కాలర్‌షిప్ ఉంది. దేశం మొత్తానికి ఏటా 20, అందులో 3 ఆదిమ తెగలకి. కుటుంబ ఆదాయం 6 లక్షల లోపుండాలి. కొండ సవరలు ఆ మూడు స్థానాలకీ అర్హులు. సీతంపేట వైపు ఉన్న టీచర్లు డిగ్రీ పిల్లలకి దయచేసి ఈ మాట చెప్పండి, తెలియకే పెట్టడం లేదు. ఎస్సీలకి సామాజిక న్యాయ శాఖ పథకం వేరు, ఏటా మొత్తం 125 స్థానాల్లో 115 ఎస్సీలవి, ఆదాయ పరిమితి 8 లక్షలు.

గంటస్తంభం:
మరి మన నమూనా ఇంటికి నెలల వారీగా?

వంశధార_గట్టు:
ఆగస్టులో క్లాసులనుకుంటే, అంతకు ముందు ఏడాది సంక్రాంతికి పారీఖత్తు, పేర్లు, సిబిల్. వేసవిలో ఈసీ, పాస్‌పోర్టు. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా దరఖాస్తులు. అడ్మిట్ రాగానే ఫిబ్రవరిలో బ్యాంకు ఫైలు. ఏప్రిల్లో శాంక్షన్ లెటరు, ఐ-20. వెంటనే సెవిస్ (అమెరికా విద్యార్థుల నమోదు) ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 కట్టి హైదరాబాద్ స్లాటు పట్టుకోవాలి. వీసా ఆలస్యమైతే అడ్మిషన్ తర్వాతి సెమిస్టర్‌కి మార్చుకోవచ్చు, అప్పుడు శాంక్షన్ లెటరు గడువు ఎన్ని నెలలో ముందే చూసుకోండి. గడువు దాటితే వాల్యుయేషన్ మళ్లీ చేయించమంటారు, ఆ ఖర్చు మళ్లీ మనదే.