పార్కింగ్ స్థలంలో కాపలా కనబడాలి, వచ్చినవారు జంకకూడదు: ఎలా?

ప్రశ్న (దుకాణ సముదాయ నిర్వాహకుడు):
మా ఆరుబయటి పార్కింగ్ స్థలంలో సుమారు 200 కార్లు పడతాయి. అద్దాలు పగులగొట్టి వస్తువులు ఎత్తుకుపోయిన సంఘటనలు మూడు జరిగాక, యాజమాన్యం ప్రవేశం దగ్గర నలుగురు గార్డులను నిలబెట్టి, నీలి దీపం మెరుస్తూ ఉండే కెమెరా స్తంభం కూడా పెట్టించింది. దొంగతనాలు ఆగాయి. అయితే ఇప్పుడు చాలామంది "ఇక్కడ ఏమైనా జరిగిందా?" అని అడుగుతున్నారు, చీకటి పడ్డాక వచ్చే కుటుంబాలు తగ్గినట్టు కూడా నాకు అనిపిస్తోంది. భద్రత తగ్గించే ధైర్యం నాకు లేదు. అలాగని వచ్చిన ప్రతివారినీ అనుమానితుల్లా చూస్తున్నామనే భావన కలగడం బాధగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం 1 (దీపాల ఏర్పాటు పని చేసేవారు):
గార్డుల లెక్క తేల్చే ముందు, ఒక రాత్రి మీరే చివరి వరుసలో కారు ఆపి దుకాణం దాకా నడిచి చూడండి. చాలాచోట్ల భయానికి కారణం వెలుతురు చాలకపోవడం కాదు, అది సమంగా పరచుకోకపోవడం. కళ్లు మిరుమిట్లు గొలిపే దీపం కింది నుంచి చూసేవారికి పక్కనున్న నీడ మరింత చిక్కగా తోస్తుంది, రెండు కార్ల మధ్య నిలబడిన మనిషి కనబడడు. కాంతి కిందికి మాత్రమే పడే ఎల్‌ఈడీ దీపాలను దగ్గర దగ్గరగా అమర్చితే ఈ తేడా తగ్గుతుంది. పాత సోడియం దీపాల పసుపు వెలుగులో రంగులు సరిగా తెలియవు కాబట్టి, కెమెరాలో కారు రంగు కూడా తేల్చి చెప్పలేం. పొదలను మోకాలి ఎత్తుకు, చెట్ల కొమ్మలను తలకు పైన ఉండేలా కత్తిరించండి. పరిసరాల అమరికతోనే నేరాన్ని అడ్డుకోవచ్చని నేరశాస్త్రజ్ఞుడు సి. రే జెఫ్రీ 1971లోనే వాదించారు; మనం మాత్రం ఇప్పటికీ మొదట గార్డు వైపే చూస్తాం.

సమాధానం 2 (గార్డుల పర్యవేక్షకుడిగా పనిచేసినవారు):
దీపాల మాట నిజమే గానీ, మీ దగ్గర అసలు ఇబ్బంది ఆ నలుగురూ ఒకేచోట గుంపుగా నిలబడటం. ఇద్దరిని వరుసల మధ్య, వేళ ముందుగా తెలియకుండా తిరగమనండి. ఎదురైనవారికి నమస్కారం చెప్పడం, ట్రాలీ నెట్టలేని పెద్దవారికి చేయందించడం, అడిగినవారిని కారు దాకా దిగబెట్టడం వారి పనిలో భాగం చేయండి. పలకరింపును కొనుగోలుదారు ఆదరణగా తీసుకుంటారు, దొంగ మాత్రం తనను ఎవరో గమనించారని అర్థం చేసుకుంటాడు. ముఖాల మీద టార్చి వేయడం, సంచుల గురించి ఆరా తీయడం పూర్తిగా మాన్పించాలి.

కెమెరాలపై 40 ఏళ్ల అధ్యయనాలను 2019లో సమీక్షించినప్పుడు, అవి పార్కింగ్ స్థలాల్లో బాగా ఫలితమిచ్చాయని, దృశ్యాలను ఎవరో ఒకరు చూస్తూ, ఇతర చర్యలు కూడా తోడైనప్పుడు మేలు ఎక్కువని తేలింది. కాబట్టి కెమెరా ఉంచండి, మెరిసే దీపం ఆర్పేయండి. ఉత్తుత్తి కెమెరాలు మాత్రం వద్దు. వాటిని నమ్మి నష్టపోయినవారు మిమ్మల్ని మళ్లీ నమ్మరు.

సమాధానం 3 (రాత్రిపూట కొనుగోలుకు వెళ్లే మహిళ):
గార్డు కనబడితే నాకు ధైర్యమే. కదలకుండా నన్నే చూస్తూ నిలబడితే ఇబ్బంది. నీలి దీపం విషయంలో పై సమాధానంతో నేను ఏకీభవించను. పిల్లవాడిని ఎత్తుకుని, సంచులతో చివరి వరుసకు నడిచేటప్పుడు, సాయం ఎక్కడ దొరుకుతుందో దూరం నుంచే తెలియాలి. మెరవడం ఆపి, స్థిరంగా వెలిగేలా చేసి, దాని కింద పిలుపు బటన్ పెడితే చాలు. ప్రతి స్తంభానికీ పెద్ద అంకె వేయించండి. ఫోన్‌లో "నేను 14 దగ్గర ఉన్నాను" అని చెప్పగలగడం ఎంత ఊరటో అవసరం పడినవారికే తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారి జవాబు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. పిలుపు బటన్ ఆలోచన నాకు తట్టనే లేదు. ముందు దీపాలు సరిచేయించి, గార్డులను ఇద్దరిద్దరుగా విడదీస్తాను, ఎవరినీ తగ్గించను. ఈ రాత్రి నుంచే, చీకటి పడ్డాక వచ్చే కార్లను గంట గంటకూ లెక్క రాయిస్తున్నాను, ఎందుకంటే ఇంతవరకూ నా దగ్గర ఉన్నది అనుమానమే తప్ప లెక్క కాదు.